నీరు పల్లమెరుగు: కోల్‌కతా శివార్లలో పిల్లలతో కాపురం

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఈ కాలంలో దానికి 'ఊరు మారి చూడు' అని కూడా చేర్చుకోవచ్చు. బదిలీ మీదనో కొత్త ఉద్యోగం మీదనో మహానగరం చేరిన కుటుంబం మొట్టమొదట వెతుక్కునేది ఇల్లు. నగరం నడిబొడ్డున అద్దెలు భరించలేం. అక్కడ గాలీ వెలుతురూ కూడా తక్కువే. అందుకే శివార్ల వైపు చూస్తాం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ప్రశ్నలు మరిన్ని పుడతాయి. బడి ఎంత దూరం? ఆడుకునే జాగా ఉందా? డాక్టరు దగ్గర్లో ఉన్నాడా? ఆఫీసు నుంచి ఎన్ని గంటలకు ఇల్లు చేరతాం?

ఇవన్నీ అడగవలసినవే. కానీ వీటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మనం కాపురం పెట్టబోయే నేల ఒకప్పుడు ఎలా ఉండేది? అక్కడికి మంచినీరు ఎక్కడి నుంచి వస్తుంది, వాడిన నీరు, వాన నీరు ఎక్కడికి పోతాయి? పిల్లల ఆరోగ్యం ఈ ప్రశ్న మీద ఎంతగా ఆధారపడి ఉందో చూపించడానికి కోల్‌కతా చరిత్రను మించిన పాఠం మన దేశంలో అరుదు. హైదరాబాదు నుంచి, విశాఖపట్నం నుంచి ఉద్యోగాల కోసం ఆ నగరానికి వెళ్లే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వెళ్లనివారికి కూడా ఈ కథ పనికొస్తుంది. మన ఊళ్ల శివార్లు కూడా ఇదే దారిలో పెరుగుతున్నాయి కదా!

నది ఒడ్డు మెరక, ఊరి వెనక పల్లం

నది ఒడ్డు ఎప్పుడూ పల్లంలో ఉంటుందని మనం అనుకుంటాం. డెల్టా ప్రాంతంలో సంగతి తలకిందులు. వరద వచ్చినప్పుడు నది గట్టు దాటి పొంగుతుంది. గట్టు దాటగానే నీటి వేగం తగ్గి, బరువైన ఇసుక, మట్టి అక్కడే పేరుకుంటాయి. సన్నని ఒండ్రు మాత్రం దూరం పోతుంది. ఇలా వేల ఏళ్లు జరిగేసరికి ఒడ్డు మెరక అవుతుంది, దూరం పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. మన కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఏర్పడినట్టే, హుగ్లీ నదికి తూర్పున ఉప్పునీటి చెరువులు, చిత్తడి నేలలు ఏర్పడ్డాయి. ఇంగ్లీషువాళ్లు వాటిని సాల్ట్ లేక్స్ అన్నారు.

1690 ఆగస్టు 24న జాబ్ చార్నాక్ సుతానుటి రేవులో దిగాడు. 1698లో ఈస్టిండియా కంపెనీ సుతానుటి, కలికాత, గోవిందపూర్ గ్రామాల మీద హక్కులు సంపాదించింది. ఈ మూడు ఊళ్లూ నది ఒడ్డున ఉన్న మెరక మీదివే. నగరం ఉత్తర దక్షిణాలుగా నది వెంట సన్నగా పెరగడానికి కారణం ఇదే. మరి జనం పెరిగినప్పుడు ఎటు పోవాలి? పడమర నది ఉంది, తూర్పున చిత్తడి ఉంది. ఆ తరువాతి మూడు వందల ఏళ్ల శివార్ల చరిత్ర అంతా ఈ చిక్కు నుంచి పుట్టిందే.

ఇంకో సంగతి గమనించండి. నేల వాలు తూర్పుకు ఉంది. అంటే నగరంలో కురిసిన వాన, వాడిన నీరు పక్కనే ఉన్న నదిలోకి పోవు. నదికి ఎదురు దిక్కుగా, చిత్తడి వైపు పారతాయి. నీరు పల్లమెరుగు అన్న మన సామెతను ఇక్కడ అక్షరాలా తీసుకోవాలి.

జ్వరాలకు భయపడి తోట ఇళ్లకు

పద్దెనిమిదో శతాబ్దంలోనే డబ్బున్నవాళ్లు నగరం వదిలి శివార్లలో తోట ఇళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. గార్డెన్‌రీచ్, అలీపూర్ అలా పెరిగినవే. 1770లలో విలియం టాలీ దక్షిణాన ఒక పాత నదీపాయను తవ్వించి కాలువ చేశాడు. టాలీగంజ్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. మైసూరు టిప్పు సుల్తాన్ కుటుంబాన్ని వెల్లూరు తిరుగుబాటు తరువాత పంపింది కూడా ఈ ప్రాంతానికే.

జ్వరం భయంతో పిల్లలను శివారుకు తీసుకుపోయిన కుటుంబాల్లో రవీంద్రనాథ్ టాగోర్ కుటుంబం ఒకటి. 1870ల ఆరంభంలో నగరంలో డెంగీ చెలరేగింది. జొరాసాంకోలోని ఆ పెద్ద కుటుంబంలో కొందరు నగరానికి ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున పానిహాటిలో ఉన్న ఒక తోట ఇంటికి తరలారు. అప్పటికి రవీంద్రుడికి పదేళ్లు దాటాయి. నాలుగు గోడల మధ్య పెరిగిన ఆ పిల్లవాడు మొదటిసారి నదిని తనివితీరా చూసింది అక్కడే. తన 'జీవన్‌స్మృతి'లో ఆ రోజులను ఆయన ఎంతో ఇష్టంగా తలచుకున్నాడు.

ఆ కాలంలో జ్వరానికి కారణం చెడుగాలి అనుకునేవారు. చిత్తడి నేల నుంచి విషవాయువు లేస్తుందనీ, దానికి దూరంగా పోతే చాలనీ నమ్మకం. కారణం తప్పే అయినా, నిలువ నీటికి దూరంగా పోవడం వల్ల కొంత మేలు జరిగేది. అసలు సంగతి తేలడానికి మన సికింద్రాబాదు దాకా రావాలి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అక్కడ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ కాటు ద్వారానే జబ్బు వ్యాపిస్తుందని తేల్చాడు. విషం గాలిలో లేదు, నీటిలో పెరిగే దోమలో ఉంది.

బెలెఘాటా చెరువు చెప్పిన పాఠం

దోమకంటే ముందు పిల్లలను భయపెట్టినది కలరా. 1817లో జెస్సోర్ ప్రాంతంలో చెలరేగిన కలరా కలకత్తాను తాకి, అక్కడి నుంచి ప్రపంచం మీద పడింది. నగరానికి ఇంజనీరుగా పనిచేసిన విలియం క్లార్క్ 1855లో భూగర్భ మురుగు కాలువల పథకం తయారుచేశాడు. 1859లో పని మొదలైంది, 1875కు ప్రధాన భాగం పూర్తయింది. మంచినీటి కోసం నగరానికి పాతిక కిలోమీటర్లు ఎగువన, హుగ్లీ ఒడ్డున పల్తాలో నీటిని వడకట్టే కేంద్రం కట్టారు. 1870 నాటికి పైపుల నీరు నగరానికి చేరింది. ఆ నీటిని ఎత్తు నుంచి పంచడానికి కట్టిన టాలా ట్యాంకు 1911లో పనిలోకి వచ్చింది. 90 లక్షల గ్యాలన్లు పట్టే ఆ ఉక్కు ట్యాంకు నేటికీ నిలిచి ఉంది.

పైపుల నీరు తాగిన వీధుల్లో కలరా తగ్గింది. కానీ నగరం హద్దు దాటితే చెరువు నీరే గతి. జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోచ్ 1883 డిసెంబరులో కలకత్తా వచ్చి కలరా క్రిమిని వేరుచేశాడు. 1884 ఆరంభంలో తూర్పు శివారైన బెలెఘాటాలో, సాహెబ్‌బాగాన్ అనే చోట కలరా చెలరేగిందని విని అక్కడికి వెళ్లాడు. ఒక చెరువు చుట్టూ గుడిసెలు. జనం ఆ చెరువులోనే స్నానం చేస్తున్నారు, బట్టలు ఉతుకుతున్నారు, ఆ నీరే తాగుతున్నారు. కలరాతో పోయినవారి బట్టలు ఉతికింది కూడా అందులోనే. ఆ చెరువు నీటిలోనే కోచ్‌కు కలరా క్రిములు కనిపించాయి.

ఈ పాఠాన్ని ఇప్పటి మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. నగరానికీ శివారుకూ మధ్య దూరం కిలోమీటర్లలో కొద్దిగానే ఉండవచ్చు. కానీ పైపు ఎక్కడ ఆగిందో అక్కడే పిల్లల భద్రత కూడా ఆగిపోయింది. శివారులో ఇల్లు చూసేటప్పుడు పటం మీద హద్దు కంటే నీటి పైపు హద్దు ముఖ్యం.

మెరక చేసిన నేల: బాలీగంజ్

1862లో సియాల్దా నుంచి దక్షిణంగా రైలు మార్గం పడింది. బాలీగంజ్, జాదవ్‌పూర్, గరియా, సోనార్‌పూర్ ఈ మార్గం మీదివే. ఆఫీసు నగరంలో, ఇల్లు శివారులో అన్న జీవితానికి రైలు దారి చూపింది. కానీ దక్షిణాన నేల పల్లం, చిత్తడి. అక్కడ నివాసం పెట్టాలంటే ముందు నేలను సిద్ధం చేయాలి.

ఆ పని కలకత్తా ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చేసింది. 1911 చట్టం ప్రకారం 1912లో అది ఏర్పడింది. సరిగ్గా అదే 1912లో మన హైదరాబాదులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1908 మూసీ వరద, ఆ తరువాత వచ్చిన ప్లేగు దానికి కారణాలు. రెండు నగరాలూ ఒకే సమయంలో ఒకే పాఠం నేర్చుకున్నాయన్నమాట.

1920లలో ట్రస్టు ధాకురియాలో 192 ఎకరాల చిత్తడి అడవిని తీసుకుని పెద్ద సరస్సు తవ్వించింది. తవ్విన మట్టితో చుట్టూ ఉన్న పల్లాన్ని మెరక చేసింది. రోడ్లు వేసింది, తోటలు పెంచింది. 1958లో ఆ సరస్సుకు రవీంద్ర సరోబర్ అని పేరు పెట్టారు. ఆ పద్ధతిలో ఉన్న తెలివి గమనించండి. నీటికి ఒక చోటు కేటాయించి, ఆ మట్టితోనే మనుషులకు చోటు చేశారు. నీటిని తరిమేయలేదు. ఆ చుట్టుపక్కల లేక్ మార్కెట్ ప్రాంతంలో దక్షిణాది కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. కాఫీ గింజలు, అరటాకులు, ఇడ్లీ పిండి దొరికే ఆ వీధులు తెలుగువారికీ పరిచయమే.

అయితే ఇది ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు ఇళ్ల స్థలాల ధరలో కలిసింది. మెరక నేల మధ్యతరగతికి దక్కింది. పేదవాడికి మళ్లీ పల్లమే మిగిలింది.

ఎన్నుకునే వీలు లేనివాళ్లు

ఇంతవరకూ శివారును ఎన్నుకున్నవారి సంగతి చెప్పుకున్నాం. 1947 దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి లక్షల కుటుంబాలు ఎన్నుకునే వీలు లేకుండానే వచ్చి పడ్డాయి. జాదవ్‌పూర్ దగ్గర యుద్ధకాలంలో సైన్యం వదిలివెళ్లిన గుడారాలు, షెడ్లలో కొందరు తలదాచుకున్నారు. అదే తరువాత బిజయ్‌గఢ్ అయింది. ఆజాద్‌గఢ్, నేతాజీనగర్, బాఘాజతీన్ వంటి కాలనీలు ఖాళీగా పడి ఉన్న పల్లపు నేలల్లో, చెరువుల గట్ల మీద లేచాయి.

ఆ కాలనీలవాళ్లు చేసిన ఒక పని మనం నేర్చుకోదగ్గది. వెదురు తడికల ఇళ్లలో ఉంటూనే కాలనీ కమిటీలు పెట్టుకుని, స్థలాలు పంచుకునేటప్పుడు బడికీ, ఆటస్థలానికీ, బజారుకూ జాగా విడిగా ఉంచుకున్నారు. పిల్లల బడి తమ సొంత ఇంటి పైకప్పు కంటే వెనకబడకూడదని పట్టుబట్టారు. బిజయ్‌గఢ్‌లో 1950 నాటికే కాలేజీ కూడా వచ్చింది. పట్టా లేని నేల మీద మొదలైన ఆ కాలనీలు తరువాతి తరానికి చదువుకున్న పేటలుగా మారాయి. అయితే అక్కడి నేల పల్లం మాత్రం మారలేదు. గట్టి వాన కురిసినప్పుడు ఆ పరిసరాల్లో కొన్ని వీధులు ఇప్పటికీ మునుగుతూనే ఉంటాయి.

రెండు కొత్త పట్టణాలు

జనం ఇలా కిక్కిరిసినప్పుడు ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ రెండు ఆలోచనలు చేశారు. ఆయన స్వయంగా పేరున్న వైద్యుడన్న సంగతి మరచిపోకూడదు. మొదటిది కల్యాణి. నగరానికి 50 కి.మీ. ఉత్తరాన, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికులకు వైమానిక స్థావరంగా ఉన్న చోట పట్టణం కట్టారు. విశాలమైన రోడ్లు, భూగర్భ మురుగు కాలువలు, చెట్లు అన్నీ ఉన్నాయి. 1954లో కాంగ్రెస్ మహాసభ కూడా అక్కడే జరిగింది. అయినా అనుకున్నంత జనం చాలాకాలం అక్కడికి రాలేదు. ఉద్యోగాలు నగరంలోనే ఉండిపోయాయి. ఎంత మంచి నీరున్నా, తండ్రి రోజుకు నాలుగైదు గంటలు దారిలోనే గడపవలసిన ఊరు పిల్లలకు మంచి ఊరు కాదని కల్యాణి చెప్పింది. 1957 డిసెంబరులో హౌరా వైపు విద్యుత్ రైళ్లు వచ్చాక శివార్ల ప్రయాణం తేలికపడడం మొదలైంది. 1984 అక్టోబరు 24న మన దేశపు తొలి మెట్రో రైలు కూడా ఇక్కడే కదిలింది.

రెండో ఆలోచన సాల్ట్‌లేక్. నగరం పక్కనే ఉన్న ఉప్పు చెరువులను పూడ్చి పట్టణం కట్టాలని నిర్ణయించారు. యుగోస్లావియా సంస్థ ఒకటి 1962లో పని మొదలుపెట్టింది. పట్టణానికి నమూనా గీసినవాడు దోబ్రివోయె తోష్కోవిచ్ అనే యుగోస్లావ్ వాస్తుశిల్పి. హుగ్లీ అడుగున ఉన్న పూడికను యంత్రాలతో తోడి, నీటితో కలిపి, పొడవాటి గొట్టాల ద్వారా చెరువుల్లోకి పంపారు. నీరు ఇంకిపోయి ఒండ్రు మిగిలింది. నది నుంచి పూడిక తీసిన లాభం, నేల దొరికిన లాభం, రెండూ ఒకేసారి వచ్చాయి. ప్రతి బ్లాకుకూ ఒక పార్కు ఉండేలా పట్టణం రూపుదిద్దుకుంది. చిన్నపిల్లలున్న కుటుంబాలకు సాల్ట్‌లేక్ నచ్చడానికి ఆ పార్కులే పెద్ద కారణం. తరువాత దానికి బిధాన్‌నగర్ అని పేరు పెట్టారు.

ఇళ్లు రాకముందు, 1971లో, బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో ఆ ఖాళీ నేల మీద లక్షకు పైగా శరణార్థులు ఉన్నారు. మురుగు కాలువల కోసం తెచ్చిన పెద్ద గొట్టాల్లో కూడా కుటుంబాలు కాపురం ఉన్నాయి. అదే ఏడు సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ నీరు, గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపి తాగించి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు దింపారు. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లల కోసం ఉంచుకునే ఓఆర్ఎస్ పొట్లం వెనక ఆ చరిత్ర ఉంది.

చేతిపంపు తెచ్చిన చిక్కు

చెరువు నీరు తాగితే కలరా వస్తుందని అర్థమయ్యాక దాన్ని మానిపించాలి. పైపు అందని చోట ఏం చేయాలి? 1960లు, 70లలో బెంగాల్ అంతటా గొట్టపు బావులు వేశారు. నేలలోంచి వచ్చే నీరు చల్లగా, తేటగా ఉంది. అందులో క్రిములు దాదాపు లేవు. విరేచనాలు తగ్గాయి. సమస్య తీరిందనుకున్నారు.

1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల నిపుణుడు కె.సి. సాహా వద్దకు 24 పరగణాల గ్రామాల నుంచి కొందరు రోగులు వచ్చారు. అరచేతులు, అరికాళ్లు గట్టిపడి, ఒంటి మీద నల్లటి మచ్చలున్నాయి. కారణం గొట్టపు బావి నీటిలోని ఆర్సెనిక్. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో ఇనుపు ఆక్సైడ్లకు ఈ మూలకం అంటుకుని ఉంటుంది. నేలలోపల గాలి అందని చోట ఆ ఆక్సైడ్లు కరిగితే ఆర్సెనిక్ నీటిలోకి వచ్చేస్తుంది. ఎవరూ కలపలేదు, అది నేలలోనే ఉంది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి బృందం ఏళ్ల తరబడి బావి బావికీ తిరిగి నీటిని పరీక్షించింది. బారాసాత్, రాజార్‌హాట్, సోనార్‌పూర్, బారుయిపూర్ వంటి శివారు ప్రాంతాలు కూడా ఆర్సెనిక్ ఉన్న చోట్ల జాబితాలో చేరాయి.

నల్లగొండ ఫ్లోరైడు బాధ చూసిన తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. నేలలోని నీరు శుభ్రమే అన్న నమ్మకం అక్కడా మోసం చేసింది, ఇక్కడా చేసింది. మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయాలు మూడు. ఒకటి, ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన లేవు. రెండు, మరగబెడితే అది పోదు. నీరు ఆవిరైపోయి మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. మూడు, ఒక బావిలో ఉండి పక్క బావిలో లేకపోవచ్చు. కాబట్టి 'పక్కింటివాళ్లు తాగుతున్నారు కదా' అన్న ధైర్యం చాలదు, పరీక్ష చేయించాల్సిందే. లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో హద్దు పెట్టింది. పిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దవారికంటే ఎక్కువ నీరు తాగుతారు. అందువల్ల అదే నీరు వారి ఒంట్లోకి ఎక్కువ ఆర్సెనిక్ చేరుస్తుంది.

చేపల చెరువులు చేసే పని

నగరం మురుగు తూర్పుకు పారుతుందని మొదట్లో చెప్పుకున్నాం. అది ఇంతకుముందు బిద్యాధరి నదిలో కలిసి సముద్రం చేరేది. పూడిక నిండి ఆ నది చచ్చిపోయిందని 1928లో ప్రకటించారు. అప్పుడు బి.ఎన్. దే అనే ఇంజనీరు పథకం ప్రకారం మురుగును తూర్పున కుల్టీ నదికి మళ్లించే కాలువలు తవ్వారు. దారిలో జాలర్లు, రైతులు ఒక అద్భుతం చేశారు. ఆ మురుగునీటిని లోతు తక్కువ చెరువుల్లోకి మళ్లించి చేపలు పెంచారు. ఆ చెరువులను అక్కడ భేరీలు అంటారు.

ఇందులో సైన్సు ఇది. లోతు తక్కువ కనుక ఎండ అడుగుదాకా పోతుంది. మురుగులోని పోషకాలతో నాచు పెరుగుతుంది. నాచు పగలంతా ఆక్సిజన్ విడుస్తుంది. ఆ ఆక్సిజన్‌తో బాక్టీరియా మురుగును కుళ్లబెట్టి విడగొడుతుంది. ఎండకు చాలా రోగక్రిములు చస్తాయి. నాచును చేపలు తింటాయి, చేపలను నగరం తింటుంది. కరెంటు ఖర్చు పెద్దగా లేకుండా మురుగు శుభ్రమవుతుంది. ప్రభుత్వ ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ ఈ పద్ధతిని లోకానికి వివరించారు. 1992లో కలకత్తా హైకోర్టు ఈ చిత్తడి నేలల్లో కట్టడాలను ఆపుతూ తీర్పు ఇచ్చింది. 2002 ఆగస్టు 19న 12,500 హెక్టార్ల ఈ ప్రాంతం రామ్‌సార్ జాబితాలో చేరింది. మన కొల్లేరు చేరింది కూడా అదే రోజున.

ఇప్పుడు మీ ఇంటి ప్రశ్నకు వద్దాం. 1999లో హిడ్కో ఏర్పడి, రాజార్‌హాట్ పొలాల్లో న్యూటౌన్ కట్టడం మొదలైంది. తూర్పు బైపాస్ వెంట కూడా ఎత్తైన భవనాలు లేచాయి. కొత్త కుటుంబాలు అక్కడికే ఎక్కువగా వెళుతున్నాయి. ఇళ్లు బాగున్నాయి, రోడ్లు వెడల్పుగా ఉన్నాయి. కానీ ప్రతి పూడ్చిన చెరువుతో ఇంకెక్కడో నీటికి చోటు తగ్గుతుంది. మీ మెరక పక్కవాడికి పల్లం. 2025 సెప్టెంబరులో, దుర్గాపూజకు కొద్ది రోజుల ముందు, ఒక్క రాత్రి కురిసిన వానకు నగరం స్తంభించింది. గరియా వైపు కొన్ని గంటల్లోనే 300 మి.మీ. పైగా వాన పడింది. నీటిలో కరెంటు పాకి చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2000లోనూ 2020లోనూ హైదరాబాదులో చెరువుల పొట్టలో కట్టిన కాలనీలకు ఏం జరిగిందో మనం చూశాం.

ఇల్లు చూడబోయే ముందు

ఇదంతా విన్నాక ఏ శివారు మంచిదని మీరు అడగవచ్చు. దానికి ఒక్క పేరు చెప్పడం సరికాదు. ఒకే పేటలో ఒక వీధి మెరక, ఇంకో వీధి పల్లం. అందుకే పేట పేరు కంటే చూసే పద్ధతి ముఖ్యం.

వీలైతే వానాకాలంలో, అదీ గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. మాఘమాసంలో ఏ వీధైనా బాగానే కనిపిస్తుంది. కింది అంతస్తు గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో, కరెంటు మీటర్లు ఎంత ఎత్తున బిగించారో చూడండి. నలభై ఏళ్లుగా అక్కడ ఉంటున్న కిరాణా కొట్టు ఆసామిని 'ఇక్కడ ఇదివరకు ఏముండేది?' అని అడగండి. పేర్లు కూడా చరిత్ర చెబుతాయి. బెంగాలీలో పుకూర్ అంటే చెరువు, ఖాల్ అంటే కాలువ, జలా అంటే చిత్తడి, డాంగా అంటే మెరక. మనోహర్‌పుకూర్, నార్కేల్‌డాంగా అన్న పేర్లలోనే నేల సంగతి ఉంది, మన మాసబ్‌ట్యాంక్ లాగే.

కుళాయి నీరు నది నుంచి వస్తోందా, బోరు నుంచి వస్తోందా అడగండి. బోరైతే ఆర్సెనిక్ పరీక్ష నివేదిక అడగండి, లేకపోతే మీరే చేయించండి. ఇంటి నీరే కాదు, పిల్లలు రోజులో సగం గడిపే బడిలోని నీరు కూడా అడగండి. మురుగు కాలువ ఎటు పోతుందో కాస్త దూరం నడిచి చూడండి. కొత్త భవనాలున్న చోట తవ్వి వదిలేసిన గుంటలు, మూత లేని తొట్లు ఉన్నాయేమో గమనించండి. మలేరియా దోమలు చిత్తడిలో పెరిగితే, డెంగీ దోమ మన పూలకుండీ కింది పళ్లెంలోని తేట నీటిలో పెరుగుతుంది. నగరంలో 1963లో రక్తస్రావంతో కూడిన డెంగీ పెద్దఎత్తున వచ్చి పిల్లలను బలి తీసుకుంది. కొత్త ఇల్లయినంత మాత్రాన దోమ రాదనుకోవద్దు.

కలరా తరం చెరువుకు భయపడి గొట్టపు బావి వేసుకుంది. గొట్టపు బావి తరం ఆర్సెనిక్‌ను ఊహించలేదు. ఒక తరం కనుక్కున్న పరిష్కారంలోనే తరువాతి తరం ప్రశ్న దాగి ఉంటుంది. కనుక మన నాన్నలు అడిగిన ప్రశ్నలు అడిగితే సరిపోదు, మన కాలపు ప్రశ్న కూడా అడగాలి. ఇప్పుడు ఆ ప్రశ్న చిత్తడి నేలలది. మీరు చేరిన కాలనీలో చెరువు పూడ్చే పని జరుగుతుంటే దాన్ని ఆపమని అడగడం కూడా పిల్లల కోసం ఇల్లు వెతకడంలో భాగమే. మంచి ఇల్లు ఒక కుటుంబం ఎన్నుకోగలదు, మంచి నీటిని మాత్రం ఊరంతా కలిసి కాపాడుకోవాలి.

చేసి చూడండి

మీ పిల్లలతో కలిసి మీ వీధి పటం గీయండి. ఒక వాన రోజున నీరు ఏ వైపు నుంచి ఏ వైపుకు పారుతోందో బాణం గుర్తులు పెట్టించండి. నీరు చివరికి చేరే చెరువు, కాలువ, నది ఏదో కనుక్కుని దాని పేరు రాయించండి. తరువాత మీ ఇంటి కుళాయి నీరు బయలుదేరే చోటును అదే పటం మీద గుర్తించమనండి. ఈ రెండు చోట్లూ ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో కొలిపించండి. ఆ కాగితాన్ని పారేయకుండా దాచి, పదేళ్ల తరువాత మళ్లీ ఒక వాన రోజున అదే వీధిలో నిలబడి పోల్చి చూడమనండి.